వ్యాపార మెయిల్ సర్వర్‌లో మెయిళ్లు దారితప్పుతుంటే: లోపాన్ని కనిపెట్టి సరిచేసే విధానం

“పంపినట్టే చూపిస్తోంది, అవతలివారికి మాత్రం చేరలేదు. ఎక్కడ వెతకాలి?” అని మెయిల్ సర్వర్ బాధ్యత చూసేవారు తరచుగా అడుగుతుంటారు. ఈ మార్గదర్శి ఆ వెతుకులాటను ఒక క్రమంలో పెడుతుంది. ఉదాహరణలు రెండు అమరికల నుంచి తీసుకున్నాను. మొదటిది లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ నడిచే సొంత సర్వర్. రెండోది చిన్న సంస్థల్లో ఎక్కువగా కనిపించేది: వెబ్‌సైట్ సీప్యానెల్ (హోస్టింగ్‌ను బ్రౌజర్‌లోంచి నిర్వహించే ప్యానెల్) ఉన్న హోస్టింగ్‌లో ఉంటుంది, మెయిల్‌బాక్సులు గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో మైక్రోసాఫ్ట్ 365లోనో ఉంటాయి.

మొత్తం పద్ధతి ఒక్క నియమం మీద నడుస్తుంది. మెయిల్‌ను చివరిసారిగా ఏ సర్వర్ తీసుకుందో తేలేవరకు ఏ అమరికనూ మార్చకూడదు. ఒక సర్వర్ మెయిల్ మొత్తాన్ని అందుకుని ‘250’ అని జవాబిచ్చిందంటే, రిజిస్టర్డ్ పోస్టుకు రసీదు రాసిచ్చిన పోస్టాఫీసులాగా, అక్కడి నుంచి బాధ్యత దానిదే. దాన్ని ముందుకు చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని పంపినవారికి చెప్పాలి. కాబట్టి లోపం ఆ చివరి ‘250’ ఇచ్చిన సర్వర్‌లోనో, దాని తర్వాతి అడుగులోనో ఉంటుంది. అంతకు ముందు ఉండదు.

ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాను. సర్వర్‌లో వాటిని మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఉదాహరణ డొమైన్‌గా, నమూనాల కోసమే కేటాయించిన ఎగ్జాంపుల్.కామ్‌ను వాడాను.

## 1. చేయి పెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

“మెయిల్ రావట్లేదు” అన్న ఒక్క మాటతో పని మొదలుపెడితే సగం రోజు ఊహలకే పోతుంది. ఫిర్యాదు చేసినవారి నుంచి ముందుగా ఈ వివరాలు రాబట్టండి:

- పంపినవారి పూర్తి చిరునామా, అందుకోవలసినవారి పూర్తి చిరునామా. “అకౌంట్స్ వాళ్లకు పంపాను” అంటే చాలదు.
- పంపిన తేదీ, సమయం నిమిషాలతో సహా.
- తిరుగు మెయిల్ (చేరలేదని చెబుతూ పంపినవారికి వచ్చే మెయిల్) వచ్చి ఉంటే దాని పూర్తి పాఠం. స్క్రీన్‌షాట్‌లో అసలు కారణం రాసి ఉన్న చివరి వరుసలు తెగిపోతుంటాయి.
- ఇదే వ్యక్తికి ఇంతకు ముందు మెయిల్ చేరేదా, చేరితే చివరిసారి ఎప్పుడు చేరింది.

మీ వైపు సిద్ధంగా ఉంచుకోవలసినవి:

- మెయిల్ సర్వర్‌లోకి నిర్వాహక ప్రవేశం, డొమైన్ డీఎన్ఎస్ (డొమైన్ పేరుకు చెందిన సర్వర్లు ఏవో చెప్పే వ్యవస్థ) ప్యానెల్ పాస్‌వర్డు. ఈ రెండోది చాలా సంస్థల్లో వెబ్‌సైట్ చేసిపెట్టిన మనిషి దగ్గరే ఉండిపోతుంది. ఇబ్బంది రాకముందే దాన్ని మీ చేతికి తెచ్చుకోండి.
- సంస్థకు సంబంధం లేని బయటి మెయిల్ ఖాతా ఒకటి.
- ప్రస్తుత అమరికల నకలు. పోస్ట్‌ఫిక్స్ అయితే ఈటీసీ కింద ఉన్న దాని డైరెక్టరీ మొత్తాన్ని తేదీ పేరుతో కాపీ చేయండి.

సమయం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. విదేశీ డేటా సెంటర్లలోని సర్వర్లు తమ లాగ్‌ను (జరిగిన ప్రతి పనినీ నమోదు చేసే ఫైల్) తరచుగా యూటీసీలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ సమయంలో రాస్తాయి. వినియోగదారుడు ఉదయం 11 గంటలకు పంపానంటే, లాగ్‌లో మీరు 5:30 దగ్గర వెతకాలి. ఈ చిన్న తేడా తెలియక “మన సర్వర్‌కు ఆ మెయిల్ అసలు రానేలేదు” అని తీర్మానించేవారు తక్కువమంది కాదు.

లాగ్‌లను ఎంతకాలం ఉంచుతున్నారో కూడా ఇప్పుడే చూసుకోండి. చాలా లినక్స్ అమరికల్లో మెయిల్ లాగ్ వారానికోసారి మారుతూ నాలుగు వారాల వరకే నిలుస్తుంది. మన దేశంలో సైబర్ భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, గడియారాలను ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయంతోగాని, వాటికి అనుసంధానమైన ఎన్‌టీపీ (సమయం అందించే) సర్వర్లతోగాని సరిచూసుకోవాలి. నిబంధన సంగతి అలా ఉంచినా, రెండు సర్వర్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి చదవాలంటే వాటి గడియారాలు కలవక తప్పదు.

## 2. ఫిర్యాదు ఏ కోవకు చెందుతుందో తేల్చుకోండి

మెయిల్ తిరిగొచ్చిందా, ఆలస్యమవుతోందా, ఏ కబురూ లేకుండా మాయమైందా, వేరే పెట్టెలోకి పోయిందా? ఈ నాలుగింటికీ వెతికే చోట్లు వేరు. తిరిగొస్తే కారణం అందులోనే రాసి ఉంటుంది. ఆలస్యమైతే క్యూలో, అంటే పంపవలసిన మెయిళ్లు వేచి ఉండే వరుసలో చూడాలి. మాయమైతే లాగ్ ఒక్కటే దిక్కు. వేరే పెట్టెలోకి పోతే అలియాస్‌లు (ఒక చిరునామాను మరో పెట్టెకు ముడిపెట్టే మారుపేర్లు), ఫార్వర్డింగ్ నియమాలు, స్పామ్ ఫోల్డర్ చూడాలి.

తర్వాత పరిధి చూడండి. ఒక్క గ్రహీతకే చేరడం లేదంటే చిరునామా తప్పో, ఆ పెట్టె నిండిపోవడమో కావచ్చు. ఒక డొమైన్ మొత్తానికి చేరడం లేదంటే ఆ డొమైన్ డీఎన్ఎస్‌నో, ఆ సర్వర్ పెట్టిన తిరస్కరణనో అనుమానించాలి. బయటకు ఏదీ వెళ్లడం లేదంటే లోపం మీ సర్వర్‌లోనో మీ నెట్‌వర్క్‌లోనో ఉంది. బయటి నుంచి ఏదీ రావడం లేదంటే ముందుగా డొమైన్ గడువు తీరిందేమో చూడండి. ఇది మరీ చిన్న విషయంగా తోస్తుంది గాని, పునరుద్ధరణ నోటీసు కూడా ఆ డొమైన్‌లోని మెయిల్‌కే వెళ్లి, ఆ పెట్టెను ఎవరూ తెరవక, డొమైన్ ఆగిపోవడం నిజంగానే జరుగుతుంది.

## 3. తిరుగు మెయిల్‌ను చదివే పద్ధతి

తిరుగు మెయిల్‌లో రెండు రకాల సంఖ్యలుంటాయి. మూడంకెల ఎస్ఎంటీపీ (సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) జవాబు ఒకటి, చుక్కలతో విడదీసిన విస్తృత కోడ్ మరొకటి. 4తో మొదలైతే తాత్కాలికం, సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే శాశ్వత తిరస్కరణ, ఇక ప్రయత్నించదు.

దారి సమస్యల్లో ఎక్కువగా ఎదురయ్యే కోడ్‌లు ఇవి:

- 5.1.1: ఆ పేరుతో మెయిల్‌బాక్స్ లేదు.
- 5.1.2: గ్రహీత డొమైన్ పేరే తప్పు, లేదా అలాంటి డొమైన్ లేదు.
- 5.4.4: మెయిల్‌ను ఎక్కడికి పంపాలో తేలలేదు. డీఎన్ఎస్ చూడాలి.
- 5.4.6: మెయిల్ తిరిగి తిరిగి అదే సర్వర్‌కు వస్తోంది. మైక్రోసాఫ్ట్ 365లో ఇదే జబ్బు 5.4.14గా కనిపించవచ్చు.
- 4.4.1: అవతలి సర్వర్ పలకడం లేదు. ఫైర్‌వాల్‌ను, పోర్ట్ 25ను (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునే ద్వారం) చూడాలి.
- 5.7.1: విధానపరమైన తిరస్కరణ. “రిలే” (మెయిల్‌ను మరో సర్వర్‌కు అందించడం) అన్న మాట పక్కన ఉంటే, ఆ సర్వర్ ఆ డొమైన్‌ను తనదిగా గుర్తించలేదని అర్థం.
- 5.7.25, 5.7.26: మొదటిది రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ చిరునామా నుంచి పేరు తెలిపే రికార్డు) లోపం, రెండోది ఎస్‌పీఎఫ్ (డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే రికార్డు), డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) ధ్రువీకరణల లోపం. జీమెయిల్ తిరస్కరణల్లో తరచుగా కనిపిస్తాయి.

కోడ్ ఒక్కటే చూసి ఆగవద్దు. తిరుగు మెయిల్‌ను రాసినది ఏ సర్వర్, తిరస్కరించినది ఏ సర్వర్ అన్నది విడివిడిగా గుర్తించాలి. రాసినది మీ సర్వరే అయినా, “ఫలానా హోస్ట్ ఇలా చెప్పింది” అన్న వరుసలో అవతలి సర్వర్ పేరుంటే తిరస్కరణ అక్కడిది. అలాంటి వరుస లేకపోతే నిర్ణయం మీ సర్వర్‌దే, అవతలివారికి ఫోన్ చేసి ప్రయోజనం లేదు.

## 4. లాగ్‌లో మెయిల్ జాడ పట్టుకోవడం

పోస్ట్‌ఫిక్స్ లాగ్ డెబియన్, ఉబుంటులలో వార్ లాగ్ డైరెక్టరీలో మెయిల్.లాగ్ పేరుతోనూ, రెడ్‌హ్యాట్ కుటుంబంలో మెయిల్‌లాగ్ పేరుతోనూ ఉంటుంది. సీప్యానెల్ సర్వర్లలో ఎగ్జిమ్ అనే మరో మెయిల్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది కాబట్టి అక్కడ ఎగ్జిమ్_మెయిన్‌లాగ్ చూడాలి.

క్రమం ఇలా ఉండాలి:

1. గ్రహీత చిరునామాతో లాగ్‌ను గ్రెప్ చేయండి, అంటే ‘గ్రెప్’ ఆదేశంతో అందులో వెతకండి.
2. దొరికిన వరుసలో క్యూ ఐడీని (ఆ మెయిల్‌కు సర్వర్ ఇచ్చిన గుర్తింపు) గుర్తించి, ఆ ఐడీతో మళ్లీ గ్రెప్ చేయండి. ఆ మెయిల్ ప్రయాణమంతా వరుసగా కనిపిస్తుంది.
3. ‘రిలే’, ‘డీలేస్’, ‘డీఎస్ఎన్’ (3వ భాగంలో చెప్పిన చుక్కల కోడ్), ‘స్టేటస్’ అన్న నాలుగు భాగాలను చదవండి.

‘రిలే’ దగ్గర బయటి సర్వర్ పేరుంటే మెయిల్ బయటకు వెళ్లింది. ‘లోకల్’ అనో ‘వర్చువల్’ అనో ఉంటే మీ సర్వర్ దాన్ని తన దగ్గరే దింపుకుంది. వేరే చోటికి పోవలసిన మెయిల్‌కు ఇక్కడ ‘లోకల్’ కనిపించిందా, ఇంకేమీ చూడనక్కర్లేదు, నేరుగా 6వ భాగానికి వెళ్లండి.

‘డీలేస్’లో గీతలతో విడదీసిన నాలుగు అంకెలుంటాయి. మొదటిది మెయిల్ క్యూ నిర్వాహకుని చేతికి రావడానికి పట్టిన సమయం, రెండోది అక్కడ వేచి ఉన్న సమయం, మూడోది డీఎన్ఎస్ వెతికి అవతలి సర్వర్‌తో సంబంధం కుదరడానికి పట్టినది, నాలుగోది మెయిల్‌ను అందించడానికి పట్టినది. ఆలస్యం మూడో అంకెలో పెరిగితే నెట్‌వర్క్‌నో డీఎన్ఎస్‌నో, నాలుగో అంకెలో పెరిగితే అవతలి సర్వర్ మందకొడితనాన్నో, భారీ జతపత్రాన్నో అనుమానించాలి.

ఎగ్జిమ్ లాగ్‌లో గుర్తులు వేరుగా ఉంటాయి. ఎడమవైపు బాణం మెయిల్ వచ్చినట్టు, కుడివైపు బాణం చేరవేసినట్టు, రెండు సమాన గుర్తులు వాయిదా పడినట్టు, రెండు నక్షత్రాలు విఫలమైనట్టు.

‘స్టేటస్’ దగ్గర ‘సెంట్’ అని, పక్కన అవతలి సర్వర్ ఇచ్చిన 250 జవాబు, దాని క్యూ ఐడీ ఉంటే మీ పని దాదాపు ముగిసినట్టే. ఆ వరుసను యథాతథంగా అవతలి సంస్థ ఐటీ వారికి పంపండి. తమ లాగ్‌లో వెతకడానికి వారికి కావలసింది అదే.

## 5. డీఎన్ఎస్: మెయిల్ ఏ గడపకు పోవాలి

ఎంఎక్స్ రికార్డులను (డొమైన్ మెయిల్‌ను ఏ సర్వర్ అందుకుంటుందో చెప్పేవి) ‘డిగ్’ ఆదేశంతో మూడు చోట్ల అడగండి: మెయిల్ సర్వర్ మీద, బయటి ఇంటర్నెట్‌లోని ఒక రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు వెతికిపెట్టే సర్వర్) దగ్గర, డొమైన్ అధికారిక నేమ్‌సర్వర్ దగ్గర. మూడు జవాబులూ ఒకటే కావాలి. మొదటిది వేరుగా ఉంటే ఆఫీసు లోపలి డీఎన్ఎస్ పాత కథ చెబుతోంది. రెండోది, మూడోది కలవకపోతే టీటీఎల్ గడువు, అంటే రిజాల్వర్ పాత జవాబును దాచి ఉంచుకునే గడువు, ఇంకా తీరలేదు.

చూడవలసినవి:

- చిన్న సంఖ్య ఉన్న ఎంఎక్స్‌కే ముందుగా మెయిల్ వెళ్తుంది. పెద్ద సంఖ్య పెద్ద ప్రాధాన్యం కాదు.
- ఎంఎక్స్‌లో హోస్ట్ పేరే ఉండాలి. ఐపీ చిరునామా గాని, సీనేమ్ (మరో పేరుకు మళ్లించే మారుపేరు) అయిన పేరు గాని ఉండకూడదు.
- జోన్ ఫైల్‌ను (డొమైన్ డీఎన్ఎస్ రికార్డులుండే ఫైల్) చేత్తో రాసేవారు హోస్ట్ పేరు చివర చుక్క మరిచిపోతే, డొమైన్ పేరు మరోసారి అతుక్కుని మెయిల్.ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్ అవుతుంది.
- ఎంఎక్స్ అసలు లేకపోతే సర్వర్లు డొమైన్‌కున్న ‘ఏ’ (A) రికార్డులోని చిరునామాకు పంపుతాయి. అంటే వెబ్‌సైట్ ఉన్న యంత్రానికి.
- మెయిల్‌ను గూగుల్‌కు మార్చాక పాత హోస్టింగ్ ఎంఎక్స్‌ను “ఉంటే ఉండనీ” అని వదిలేయకూడదు. కొన్ని మెయిళ్లు అక్కడికి పోయి, ఎవరూ తెరవని పెట్టెల్లో పడి ఉంటాయి.

‘సర్వ్‌ఫెయిల్’ అన్న జవాబు వస్తే డీఎన్ఎస్‌సెక్ సంతకాలు (డీఎన్ఎస్ జవాబు అసలైనదని రుజువు చేసేవి) చెడిపోయాయేమో చూడండి. నేమ్‌సర్వర్లను మార్చి, రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన సంస్థ) దగ్గర ఆ సంతకాలకు చెందిన పాత డీఎస్ రికార్డును తొలగించకపోతే ఇలా అవుతుంది.

ఇక్కడ బాగా తికమక పెట్టే సందర్భం ఒకటుంది. ‘డిగ్’ సరైన జవాబే ఇస్తుంది, పోస్ట్‌ఫిక్స్ మాత్రం హోస్ట్ దొరకలేదని లాగ్‌లో రాస్తూనే ఉంటుంది. డెబియన్, ఉబుంటులలో పోస్ట్‌ఫిక్స్ భాగాలు కొన్ని క్రూట్ అనే మూసిన గదిలో నడుస్తాయి, వాటికి స్పూల్ డైరెక్టరీలో రిజాల్వ్.కాన్ఫ్ (ఏ రిజాల్వర్‌ను అడగాలో చెప్పే ఫైల్) నకలు వేరుగా ఉంటుంది. సర్వర్ డీఎన్ఎస్ మార్చినప్పుడు ఆ నకలు పాతదిగానే మిగిలిపోవచ్చు. రెండు ఫైళ్లనూ పోల్చి, తేడా ఉంటే పోస్ట్‌ఫిక్స్ సేవను పూర్తిగా ఆపి మొదలుపెట్టండి. ఆ తర్వాత మళ్లీ పోల్చండి.

## 6. ఈ డొమైన్ తనదేనని సర్వర్ అనుకుంటోందా?

దారి తప్పడాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. అందుకే ఈ భాగాన్ని తొందరపడకుండా చదవాలని కోరుతున్నాను. ప్రతి మెయిల్ విషయంలోనూ సర్వర్ వేసుకునే మొదటి ప్రశ్న “ఈ డొమైన్ నాదేనా?” అన్నది. అవునన్న జవాబు వస్తే ఎంఎక్స్ వైపు కన్నెత్తి కూడా చూడదు. కాదన్న జవాబు వస్తేనే ఎంఎక్స్‌ను వెతుకుతుంది. డీఎన్ఎస్ అంతా సక్రమంగా ఉన్నా మెయిల్ చేరకపోవడానికి కారణం ఇదే.

6.1 సీప్యానెల్‌లో. లక్షణం స్పష్టంగా ఉంటుంది. బయటివారు పంపిన మెయిళ్లు గూగుల్ వర్క్‌స్పేస్‌కు చక్కగా వస్తాయి. వెబ్‌సైట్‌లోని సంప్రదింపు ఫారం, ఆర్డర్ నిర్ధారణ, ఓటీపీ మెయిళ్లు మాత్రం సొంత డొమైన్ చిరునామాలకు రావు. అదే ఫారం జీమెయిల్ చిరునామాకు పంపితే చేరుతుంది. వెబ్‌సైట్ ఉన్న సర్వర్ ఆ డొమైన్‌ను ఇంకా తనదే అనుకుని, తన దగ్గర అలాంటి పెట్టె లేదని తిప్పికొట్టడమో, పాత పెట్టెలో పడేయడమో చేస్తోందన్నమాట.

సరిచేసే క్రమం:

1. సీప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్ అన్న పేజీని తెరిచి డొమైన్‌ను ఎంచుకోండి.
2. ‘లోకల్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్’ ఉంటే ‘రిమోట్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్’కు మార్చండి. ‘ఆటోమేటిక్’ ఎంపికను నమ్ముకోవద్దు. అది ఎంఎక్స్‌ను చూసి ఊహిస్తుంది, ఆ సమయంలో దానికి కనిపించిన ఎంఎక్స్ పాతదైతే ఊహ తప్పుతుంది.
3. రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న) ప్రవేశం ఉంటే, డొమైన్ పేరు లోకల్‌డొమైన్స్ ఫైల్‌లో లేదని, రిమోట్‌డొమైన్స్ ఫైల్‌లో ఉందని నిర్ధారించుకోండి.
4. ‘ఎగ్జిమ్ -బీటీ’ ఆదేశానికి చిరునామా ఇచ్చి, ఏ దారిన పోతుందో అడగండి. జవాబులో గూగుల్ సర్వర్ పేరు రావాలి.
5. ఇంతకాలం పాత పెట్టెల్లో, డీఫాల్ట్ చిరునామా (లేని చిరునామాలకు వచ్చినవి చేరేది) పెట్టెలో పడిన మెయిళ్లను తెరిచి చూడండి. కొనుగోలుదారుల విచారణలు అక్కడ దొరకవచ్చు. డీఫాల్ట్ చిరునామా ‘బ్లాక్‌హోల్’గా (వచ్చినవాటిని పారేసేలా) ఉండి ఉంటే అవి దొరకవు.

దీనికి తమ్ముడి లాంటి లోపం ఒకటుంది. మీరు ఇంతకు ముందు ఉన్న హోస్టింగ్ సర్వర్‌లోని మరో సంస్థ మీకు మెయిల్ పంపితే చేరదు, ప్రపంచంలో మిగతా అందరివీ చేరతాయి. మీరు హోస్టింగ్ మారిపోయినా పాత సర్వర్‌లో మీ డొమైన్‌ను ఎవరూ తీసేయలేదని దీని అర్థం. పాత హోస్టింగ్ సంస్థకు రాసి తొలగింపజేయాలి, మీ వైపు నుంచి చేయగలిగింది ఏమీ లేదు.

6.2 పోస్ట్‌ఫిక్స్‌లో. ‘పోస్ట్‌కాన్ఫ్ -ఎన్’ ఆదేశం మీరు మార్చిన అమరికలను మాత్రమే చూపుతుంది. అందులో నాలుగు జాబితాలను చదవండి: మైడెస్టినేషన్, వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్, వర్చువల్ అలియాస్ డొమైన్స్, రిలే డొమైన్స్. ఒక డొమైన్ వీటిలో ఒక్కదానిలోనే ఉండాలి. రెండింటిలో ఉంటే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది. ఆ హెచ్చరికను పట్టించుకోకపోవడం మామూలైపోయింది.

- సర్వర్‌లోనే మెయిల్‌బాక్సులుంటే: మైడెస్టినేషన్ లేదా వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్.
- మెయిల్ అందుకుని లోపలి మరో సర్వర్‌కు ఇవ్వాలంటే: రిలే డొమైన్స్, దానికి తోడు ట్రాన్స్‌పోర్ట్ పట్టికలో (ఏ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పేది) ఒక వరుస.
- మెయిల్‌బాక్సులు పూర్తిగా బయట ఉంటే: నాలుగింటిలో దేనిలోనూ ఉండకూడదు.

“రిలే యాక్సెస్ డినైడ్” అన్న తిరస్కరణ బయటి నుంచి వచ్చే మెయిళ్లకు వస్తుంటే, డొమైన్ ఏ జాబితాలోనూ లేదు. అదే తిరస్కరణ మీ ఉద్యోగులకు వస్తుంటే కథ వేరు: వారి మెయిల్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డుతో ధ్రువీకరణ చేయడం లేదు, లేదా 587, 465 పోర్టులకు బదులు 25ను వాడుతోంది. దీనికి విరుగుడుగా మైనెట్‌వర్క్స్‌ను (పాస్‌వర్డు లేకుండానే పంపనిచ్చే చిరునామాల జాబితా) అందరికీ తెరవమనే సలహా ఎవరైనా చెబితే వినకండి. తెరిచిన సర్వర్‌ను స్పామ్ పంపేవారు కనిపెట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

6.3 మెయిల్ గిరగిర తిరుగుతుంటే. “లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్” అని లాగ్‌లో ఉంటే, ఎంఎక్స్ ఈ సర్వర్‌నే చూపిస్తోంది గాని సర్వర్ ఆ డొమైన్‌ను తనదనుకోవడం లేదు. ట్రాన్స్‌పోర్ట్ పట్టికలో గమ్యం పేరు చుట్టూ చదరపు బ్రాకెట్లు లేకపోయినా ఇలాగే అవుతుంది. బ్రాకెట్లు లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకు ఎంఎక్స్ వెతుకుతుంది, ఉంటే నేరుగా ఆ యంత్రానికే పోతుంది. లోపలి సర్వర్‌కు పంపే ప్రతి వరుసలోనూ బ్రాకెట్లు పెట్టడం మంచి అలవాటు.

రెండు సర్వర్ల మధ్య బంతాట వేరే రకం. సంస్థలో కొందరి పెట్టెలు పాత సర్వర్‌లో, కొందరివి మైక్రోసాఫ్ట్ 365లో ఉన్నప్పుడు ఇది వస్తుంది. తన దగ్గర లేని చిరునామాను ప్రతి సర్వర్ రెండోదానికి నెడుతుంది. ఎక్కడా లేని చిరునామా అయితే, రిసీవ్డ్ శీర్షికల (దాటిన ప్రతి సర్వర్ మెయిల్‌కు చేర్చే వరుసల) సంఖ్య పరిమితి దాటేదాకా (పోస్ట్‌ఫిక్స్‌లో 50) అటూ ఇటూ తిరిగి తిరుగు మెయిల్‌గా పడుతుంది. మైక్రోసాఫ్ట్ వైపు డొమైన్‌ను ‘ఇంటర్నల్ రిలే’గా (తన దగ్గర లేని చిరునామాలను మరో సర్వర్‌కు పంపేలా) ఉంచితే, పాత సర్వర్ వైపు అన్నిటినీ అటు నెట్టే సాధారణ నియమం పెట్టకూడదు. ఏయే చిరునామాలు అటు వెళ్లాలో పేరు పేరునా రాసి, మిగతావాటిని అక్కడే తిరస్కరించాలి. ఇద్దరిలో ఒకరే ఆఖరి మాట చెప్పాలి.

పట్టిక మార్చిన ప్రతిసారీ ఈ వరుస పాటించండి: ఫైల్ మార్చి భద్రపరచడం, ‘పోస్ట్‌మ్యాప్’తో దాన్ని సిద్ధం చేయడం, ‘పోస్ట్‌మ్యాప్ -క్యూ’తో ఒక చిరునామాను అడిగి జవాబు చూడటం, చివరగా పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేయడం. రెండో అడుగును మరిచి, మార్పు పనిచేయలేదనుకుని మరో మార్పు చేసి, అసలు చిక్కును రెట్టింపు చేసుకోవడం కద్దు.

## 7. బయటకు పోయే దారి మూసుకుపోతే

క్యూలో అన్ని డొమైన్ల మెయిళ్లూ “కనెక్షన్ టైమ్డ్ ఔట్” అంటూ పేరుకుపోతే, సర్వర్ నుంచి బయటి పోర్ట్ 25 తెరిచి ఉందో లేదో టెల్‌నెట్ ఆదేశంతో చూడండి. అమెజాన్ ఈసీ2, గూగుల్ క్లౌడ్ వంటివి బయటకు పోయే 25ను ముందే మూసి ఉంచుతాయి. ఇంటర్నెట్ సేవాసంస్థల్లోనూ ఈ పద్ధతి ఉంది. అలాంటి చోట 587 మీద పాస్‌వర్డుతో పనిచేసే రిలే సేవ ద్వారా పంపాలి. పోస్ట్‌ఫిక్స్‌లో దాని పేరు ‘రిలేహోస్ట్’ దగ్గర బ్రాకెట్లతో, పోర్ట్ సంఖ్యతో రాయాలి. ఆ సేవను మీ ఎస్‌పీఎఫ్ రికార్డులో చేర్చడం మరవకండి.

కొన్ని గమ్యాలకే ఆలస్యమైతే ఐపీవీ6ను (ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త ఐపీ చిరునామాల పద్ధతి) గమనించండి. సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా ఉండి, దానికి రివర్స్ పేరు లేకపోతే జీమెయిల్ ఆ దారిన వచ్చినవాటిని తిరస్కరిస్తుంది, ఐపీవీ4 దారిన వచ్చినవాటిని తీసుకుంటుంది. ఒకే గ్రహీతకు ఒకసారి చేరి, మరోసారి చేరకపోవడానికి ఇదొక కారణం. రివర్స్ పేరు పెట్టించుకోండి. అది కుదరకపోతే పోస్ట్‌ఫిక్స్‌లో ఐనెట్ ప్రోటోకాల్స్ అమరికను ఐపీవీ4కు పరిమితం చేయండి. ఈ మార్పుకు రీలోడ్ చాలదు, సేవను ఆపి మొదలుపెట్టాలి.

## 8. దారి సరైనదే, అవతలివారు తలుపు తీయకపోతే

ఇది నిజానికి దారి సమస్య కాదు. అయినా ఫిర్యాదు అదే మాటల్లో వస్తుంది కాబట్టి ముఖ్యమైనవి చెబుతాను.

- రివర్స్ డీఎన్ఎస్: మీ ఐపీకి ఒక పేరు, ఆ పేరుకు తిరిగి అదే ఐపీ ఉండాలి. దీన్ని డొమైన్ ప్యానెల్‌లో పెట్టలేరు. లీజ్డ్ లైన్ ఇచ్చిన సంస్థకో, క్లౌడ్ సంస్థకో అర్జీ పెట్టాలి.
- ఎస్‌పీఎఫ్: డొమైన్‌కు ఒక్క రికార్డే ఉండాలి, దానిలో డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రచార మెయిల్ సేవ, హెచ్‌ఆర్ పోర్టల్ అంటూ చేర్చుకుంటూ పోతే ఈ పరిమితి తెలియకుండానే దాటిపోతుంది.
- డీకిమ్: 2048 బిట్ల తాళం ఒక్క టీఎక్స్‌టీ ముక్కలో పట్టదు, ఒక్కో ముక్క 255 అక్షరాలే. ప్యానెల్ తనంతట తాను విడదీయకపోతే తాళం తెగిపోతుంది.
- ఫార్వర్డింగ్: మీ సర్వర్‌కు వచ్చిన మెయిల్‌ను ఉద్యోగి జీమెయిల్‌కు మళ్లిస్తే, అసలు పంపినవారి ఎస్‌పీఎఫ్‌లో మీ ఐపీ ఉండదు కాబట్టి తిరస్కరణ వస్తుంది. ఎస్ఆర్ఎస్ (మళ్లించేటప్పుడు పంపినవారి చిరునామాను మీ డొమైన్‌తో తిరగరాసే పద్ధతి) అమర్చండి, లేదా మళ్లింపే మానండి. రెండోదే నా సలహా.

మీ సర్వరే బయటివారందరినీ తిరస్కరిస్తున్న సందర్భం కూడా ఉంది. స్పామ్ పంపే ఐపీలను నమోదు చేసే స్పామ్‌హాస్ సంస్థ జాబితాను 8.8.8.8 వంటి బహిరంగ రిజాల్వర్ ద్వారా అడిగితే, ఆ సంస్థ 127.255.255.254 అన్న లోపసూచనను ఇస్తుంది. జవాబు ఏదొచ్చినా “జాబితాలో ఉంది” అని అర్థం చేసుకునేలా అమర్చిన సర్వర్, ఆ క్షణం నుంచి మంచివారినీ చెడ్డవారినీ ఒకే గాటన కట్టి తిప్పిపంపుతుంది. సర్వర్ మీదే అన్‌బౌండ్ వంటి సొంత రిజాల్వర్ నడపడం దీనికి సరైన మందు.

## 9. క్యూను ఖాళీ చేసే క్రమం

కారణం సరయ్యాక “అన్నీ ఒక్కసారి తోసేద్దాం” అనిపించడం సహజం. ముందు ‘పోస్ట్‌క్యూ -పి’తో ఏముందో చూడండి. పంపినవారు ఒక్కరే అయి, వారి నుంచి వేలకొద్దీ మెయిళ్లుంటే అది దారి సమస్య కాదు, ఎవరిదో పాస్‌వర్డు దొంగల చేతికి చిక్కింది. ఆ ఖాతాను మూసి, ఆ మెయిళ్లను తొలగించాకే ముందుకు వెళ్లండి.

1. అనుమానం ఉన్నవాటిని ‘పోస్ట్‌సూపర్ -హెచ్’తో పక్కన పెట్టండి.
2. ఒక్క మెయిల్‌ను ‘పోస్ట్‌క్యూ -ఐ’తో పంపి, లాగ్‌లో 250 వచ్చిందో లేదో చూడండి.
3. చేరితే, ఒక డొమైన్‌వి పంపండి. తర్వాతే మిగతావి.
4. అలియాస్ పట్టికను మార్చి ఉంటే, పాత మెయిళ్లకు కొత్త పట్టిక వర్తించేందుకు ‘పోస్ట్‌సూపర్ -ఆర్’ అవసరం. ట్రాన్స్‌పోర్ట్ మార్పుకు అది అక్కర్లేదు.

తొందర లేకపోతే వదిలేసినా నష్టం లేదు. పోస్ట్‌ఫిక్స్ సాధారణ అమరికలో 5 నిమిషాల నుంచి సుమారు 67 నిమిషాల వరకు విరామం పెంచుకుంటూ 5 రోజులపాటు ప్రయత్నిస్తుంది. అయితే పంపినవారికి ఆలస్యం గురించి ముందస్తు కబురు అందదు, ఎందుకంటే డీలే వార్నింగ్ టైమ్ మొదట సున్నాగా ఉంటుంది. వ్యాపార సర్వర్‌లో దాన్ని 4 గంటలకు పెట్టండి. టెండర్ గడువు దాటాక అయిదో రోజున వచ్చే తిరుగు మెయిల్ ఎవరికీ పనికిరాదు.

ప్రయోగాలు చేస్తున్నంతసేపు పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ అమరికను ‘యెస్’ (yes) చేసి ఉంచితే, మీ పొరపాటు వల్ల వచ్చే శాశ్వత తిరస్కరణలు తాత్కాలికాలుగా మారి, మెయిళ్లు పోకుండా ఉంటాయి.

## 10. సరయిందని నిర్ధారించుకునే పట్టిక

ఒక్క మెయిల్ చేరగానే పని ముగించవద్దు. ఈ దారులన్నిటినీ విడివిడిగా పరీక్షించండి:

- బయటి నుంచి లోపలికి. లోపలి నుంచి బయటకు, జీమెయిల్‌కు ఒకటి, మైక్రోసాఫ్ట్ ఖాతాకు ఒకటి.
- లోపలి ఉద్యోగి నుంచి లోపలి ఉద్యోగికి.
- వెబ్‌సైట్ ఫారం, ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్, స్కానర్ యంత్రం నుంచి సంస్థ చిరునామాకు. ఎక్కువగా మరిచిపోయేవి ఇవే.
- లేని చిరునామాకు ఒకటి. వెంటనే 5.1.1 రావాలి. ఏమీ రాకపోతే ఎక్కడో ఒక పెట్టె అన్నిటినీ మింగుతోంది.
- 8 ఎంబీల జతపత్రంతో ఒకటి. పోస్ట్‌ఫిక్స్ సాధారణ పరిమితి 1,02,40,000 బైట్లు. జతపత్రం సంకేత రూపంలోకి మారినప్పుడు మూడోవంతుకు పైగా పెరుగుతుంది కాబట్టి పరిమితిని మీరు పెంచి ఉండకపోతే ఇది తిరస్కరణకు గురవుతుంది.

చేరిన ప్రతి పరీక్ష మెయిల్‌లోనూ రిసీవ్డ్ శీర్షికలను కింది నుంచి పైకి చదవండి. మీరు ఊహించిన సర్వర్ల మీదుగానే, ఊహించిన వరుసలోనే వచ్చిందా? ఊహించని పేరు కనిపిస్తే మెయిల్ చేరినా సరే 6వ భాగానికి తిరిగి వెళ్లండి.

చివరగా, పని కోసం మార్చినవాటిని యథాస్థితికి తేవాలి: సాఫ్ట్ బౌన్స్ ‘నో’, ప్రయోగానికి తగ్గించిన ఎంఎక్స్ టీటీఎల్ తిరిగి 3600, పక్కన పెట్టిన మెయిళ్లలో మంచివాటికి ‘పోస్ట్‌సూపర్’తో పెద్ద హెచ్ వాడి విడుదల. ఏ ఫైల్‌లో ఏ వరుస ఎందుకు మారిందో తేదీతో సహా, సర్వర్‌లోనే కాకుండా మరో చోట కూడా రాసిపెట్టండి.